ఏలినవారి సర్వజ్ఞతకు దండం

కృష్ణ ఒడ్డున, ఘంటసాలకు దగ్గర్లో, శ్రీకాకుళం అని ఒక ఊరుంది. అక్కడ కొలువున్న ఆంధ్ర మహావిష్ణువును కాసుల పురుషోత్తమ కవి ‘ఆంధ్రనాయక శతకం’ పొడుగునా దెప్పి పొడిచాడు. సంసారమంతా ఇల్లాలు నడుపుతుంటే పేరు మాత్రం నీకా అని నిలదీశాడు. అది తిట్టు కాదు, భక్తేనని స్వామికి తెలుసు, చదివేవాళ్ళకూ తెలుసు. దేవుడు కాబట్టి నవ్వి ఊరుకున్నాడు. భూలోకపు ఏలికల దగ్గర ఆ పప్పులుడకవు. 2017లో శాసనమండలి మీద ఒకాయన కార్టూన్ పెడితే మన పోలీసులు హైదరాబాద్ దాకా వెళ్ళి పట్టుకొచ్చారు. 2020లో విశాఖ గ్యాస్ ప్రమాదం మీద గుంటూరులో ఒక పెద్దావిడ ఫేస్‌బుక్‌లో నాలుగు ముక్కలు పెడితే సీఐడీ నోటీసు ఇంటికొచ్చింది. 2024 నవంబర్‌లో పోస్టులు పెట్టినవాళ్ళ కోసం జిల్లాలు జిల్లాలే గాలించారు. గద్దె మీద మనుషులు మారుతూ వచ్చారు గానీ, మా రాతల మీద ఆపేక్ష మాత్రం చెక్కు చెదరలేదు. కన్నకొడుకు ప్రోగ్రెస్ రిపోర్టు తిరగేయని నాయకుడు కూడా మా పోస్టు కింద కామెంట్ల దాకా చదువుతాడంటే అంతకన్నా ఏం కావాలి మాకు?

అందుకని నేను తిట్టే పని పెట్టుకోలేదు. బెజవాడ నుంచి, బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ కింద ఊళ్ళన్నిటి తరఫునా మిమ్మల్ని పొగుడుదామని కూర్చున్నాను. మీరంటే ఒక్కరని కాదు. నిన్న ఏలినవారు, ఇవాళ ఏలుతున్నవారు, రేపటి పాదయాత్రకు బూట్లు కొనుక్కుంటున్నవారు, అందరూను.

మా వైపు బస్సులో పక్కన కూర్చున్న కొత్త మనిషి నుంచి ఉయ్యూరు దాటేలోపు ఇంటిపేరు, పామర్రు దాటేలోపు పొలం ఎన్నెకరాలో, బందరు చేరేలోపు పెద్దవాడికి అమెరికాలో జీతమెంతో రాబట్టేస్తారు. ఒక్క కులం దగ్గరే నోరు పెగలదు. ‘మీరెవరి తాలూకు?’ ‘ఫలానావాళ్ళు మీకేమవుతారు?’ అంటూ ఆ చివర్నుంచి నరుక్కు రావాలి. ఎంత శ్రమ, ఎంత మొహమాటం! ఆ బాధ తీర్చిన పుణ్యాత్ములు మీరు. 2018 ఏప్రిల్‌లో చూస్తే రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.3 లక్షల మందికి పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, కులం, మతం అన్నీ వడ్డించిన విస్తరిలా ఉన్నాయి. కులాన్ని బట్టి వెతుక్కోవచ్చు, మతాన్ని బట్టి వెతుక్కోవచ్చు. ఇల్లు కట్టుకోవడానికి సాయం అడిగిన పేదవాడి కులం ఊరందరికీ ఇంత సులువుగా అందుబాటులోకి రావడం అంతకుముందు ఏ రాజ్యంలోనూ జరగలేదు.

అదే ఏడాది జూన్‌లో ఇంకో అడుగు ముందుకేశారు. చవగ్గా జెనరిక్ మందులమ్మే అన్న సంజీవిని షాపుల వివరాలు ప్రభుత్వ డ్యాష్‌బోర్డులో పెట్టారు. అమ్మకాలెంత, ఆదాయమెంత అనే పొడి లెక్కలతో సరిపెట్టలేదు. ఎవరు, ఏ మందు, ఏ ఫోన్ నంబరుతో కొన్నారో కూడా అందులోనే. మందుల షాపులో ఒక పద్ధతుంటుంది. కొన్ని రకాల మాత్రలడిగితే కుర్రాడు గొంతు తగ్గించి, స్ట్రిప్పును ఖాకీ కవర్లో వేసి, రెండు మడతలు పెట్టి, గోడ మీద క్యాలెండర్ వంక చూస్తూ చేతికిస్తాడు. కొన్నాయన కూడా అదే క్యాలెండర్ వంక చూస్తూ జేబులో పెట్టుకుంటాడు. ఇద్దరూ మర్యాదస్తులే. ఈ మర్యాదలన్నీ పాతకాలపు చాదస్తమని మీరొక్క వేటుతో తేల్చేశారు. మగతనానికి వాడే మాత్రలు కొన్నవాళ్ళ పేర్లూ అందులో ఉన్నాయని ఆనాడు పత్రికలు రాశాయి. పారదర్శక పాలన అని ఎన్నికల ప్రణాళికల్లో రాస్తే ఏమో అనుకున్నాం. అన్నమాట నిలబెట్టుకున్నారు.

వీటిని బయటపెట్టి ఆనందం పాడుచేసినవాడు శ్రీనివాస్ కొడాలి అనే పరిశోధకుడు. ఆయనకిది అలవాటే. 2017 మే నెలలో బెంగళూరు సంస్థ ఒకదాని కోసం అంబర్ సిన్హాతో కలిసి నివేదిక రాసి, నాలుగు ప్రభుత్వ పోర్టళ్ళలో కలిపి దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయట పడున్నాయని చెప్పాడు. ఆ నాలుగింట్లో రెండు కేంద్రానివైతే, మిగతా రెండూ మనవే: ఉపాధి హామీ చెల్లింపులది ఒకటి, చంద్రన్న బీమాది ఇంకొకటి. దేశంలో ఇన్ని రాష్ట్రాలుండగా ఆ గౌరవం మనకే దక్కింది. పోలవరానికి నిధులు తేవడానికి ఎన్ని ఢిల్లీ యాత్రలు చేశారో గానీ, ఈ వాటా మాత్రం అడగకుండానే వచ్చింది. ఆయన ఎత్తిచూపినప్పుడల్లా అధికారులు ఆ పేజీలు తీసేశారు. దానివల్ల అప్పటికే చూసుకున్నవాళ్ళకు లోటేమీ లేదు. చూడనివాళ్ళకే అన్యాయం జరిగింది.

ఇక ఫోన్లు. వెలగపూడిలో రియల్ టైమ్ గవర్నెన్స్ అని గోడంత తెర పెట్టి రాష్ట్రాన్ని కళ్ళముందుంచుకున్న రోజుల నుంచీ మాకు ఒంటరితనం లేకుండా పోయింది. నాట్లేసే ఆడవాళ్ళు గట్టు మీద క్యారేజీ విప్పి, ముద్ద నోట్లో పెట్టుకోబోతుండగా కొంగున కట్టిన ఫోన్ మోగుతుంది. ముఖ్యమంత్రి గారి గొంతే! పాలన మీద సంతృప్తిగా ఉంటే ఒకటి నొక్కాలి, లేకపోతే రెండు నొక్కాలి. చేతికి బురద, వేలికి అన్నం, ఏది నొక్కినా రెండూ అంటుకుంటాయి. ఎన్నికలు దగ్గరపడితే పార్టీలవాళ్ళ గొంతులు కూడా కలుస్తాయి: మీ నియోజకవర్గానికి అభ్యర్థిగా ఎవరైతే బాగుంటుంది? పాపం, టికెట్టు ఆశించేవాళ్ళు కూడా ఇంత వినయంగా అడగరు. మా నంబరు మీకెలా తెలిసింది అని ఎదురడగడానికి మాత్రం ఏ బటనూ ఉండదు. అడిగితే బాగుండదని ముందే తీసేసి ఉంటారు.

2019 ఆగస్టు 15న విజయవాడలోనే వాలంటీర్ల వ్యవస్థ మొదలైంది. యాభై ఇళ్ళకు ఒకరు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం. ఒకటో తారీఖు తెల్లారేసరికి మంచంలో ఉన్న ముసలమ్మ చేతిలో పింఛను పడేది. అది చిన్న విషయం కాదు, వెటకారంలో కూడా ఒప్పుకుని తీరాలి. అయితే ఆ పిల్లో పిల్లాడో యాభై ఇళ్ళ గుట్టూ తెలిసినవాళ్ళయ్యారు. ఎవరింట్లో ఎందరు, ఎవరికి ఏ పథకం, ఎవరు ఏ ఊళ్ళో పనికెళ్ళారు, ఎవరి కరెంటు బిల్లు 300 యూనిట్లు దాటి పథకానికి ఎసరొచ్చిందీ అన్నీ వాళ్ళకు కంఠస్థం. 2023 జూలై 9న ఏలూరు సభలో పవన్ కల్యాణ్ గారు ఈ వివరాలన్నీ ఎటు పోతున్నాయని అడిగారు. ఆ సభలోనే ఆడపిల్లల అక్రమ రవాణా మాట కూడా అన్నారు. అంతే, వాలంటీర్ల పరువు పోయిందని అప్పటి ప్రభుత్వం కోర్టు గడప తొక్కింది. వివరాలెటు పోయాయన్న ప్రశ్నకు పరువు పోయిందన్నది జవాబైంది. 2024లో సర్కారు మారింది, వాలంటీర్లు ఇళ్ళకెళ్ళారు. ఇచ్చిన ఫోన్లయితే తిరిగి అప్పగించొచ్చు. తలలో ఉన్నది ఏ కౌంటర్లో అప్పగించాలో జీవో రాలేదు. అడిగినాయన ఇప్పుడు ఉప ముఖ్యమంత్రి కాబట్టి ఆ జవాబు ఆయనే తీరిగ్గా చెప్పొచ్చు. తీరికే దొరుకుతున్నట్టు లేదు.

కానీ మా వివరాల మీద మీ ప్రేమ ఎంత గాఢమైనదో తెలిసింది మాత్రం 2019 మార్చిలో. ఎన్నికలు నెల రోజులున్నాయి. హైదరాబాద్‌లో ఐటీ గ్రిడ్స్ అనే కంపెనీ మీద సైబరాబాద్ పోలీసులు కేసు పెట్టారు. తెలుగుదేశం వాళ్ళ ‘సేవామిత్ర’ యాప్ చేసింది ఆ కంపెనీయే. ఓటర్ల వివరాలు, ప్రభుత్వ పథకాల వివరాలు అందులోకి చేరాయని ఆరోపణ. అబద్ధం, అవి మా పార్టీ సొంత వివరాలు, వాటినే మీరెత్తుకుపోయి ప్రత్యర్థులకిస్తున్నారని తెలుగుదేశం ఎదురు తిరిగింది. తెలంగాణ ఒక సిట్ వేస్తే, ఆంధ్ర కూడా పోటీగా సిట్లు వేసింది. ఏప్రిల్‌లో ఆధార్ సంస్థ ఫిర్యాదు చేస్తూ, పట్టుకున్న హార్డ్ డిస్కుల్లో రెండు రాష్ట్రాలవాళ్ళవి కలిపి 7.82 కోట్ల ఆధార్ రికార్డులున్నాయంది. అయితే తమ సర్వర్ల నుంచి ఏమీ పోలేదని కూడా చెప్పింది. అంటే మా ఇంటి దొడ్డి నుంచి గేదె పోలేదు, గేదె మాత్రం ఊరవతల దొరికిందన్నమాట.

చూడండి ఆ తగువు ఎంత ముచ్చటగా ఉందో. ఒకరు మీరు దొంగిలించారంటారు, ఇంకొకరు మీరే మా దగ్గర దొంగిలించారంటారు. ఒక రాష్ట్రం పోలీసులు ఇంకో రాష్ట్రం పోలీసుల మీద కేసులు కడతారు. సొమ్ము నాదంటే నాదని ఇంతమంది పోట్లాడుకున్నారు గానీ, అది గుడివాడలో రొయ్యల చెరువు కాపలావాడిదీ, కంకిపాడులో కూరగాయలమ్మే మనిషిదీ అని ఎవరికీ తట్టలేదు. 2022లో శాసనసభ ఒక సంఘాన్ని వేసింది. భూమన కరుణాకర్ రెడ్డి గారి అధ్యక్షతన అది మధ్యంతర నివేదిక ఇచ్చింది. ఆ తర్వాత ఎన్నికలొచ్చాయి, బల్లకు అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు కూర్చున్నారు. ఆ ఏడు కోట్ల పైచిలుకు జనాన్ని పిలిచి, బాబూ మీదేమన్నా పోయిందా అని అడిగే సంఘం వేయడం ఇంకా మిగిలింది.

అదే 2019లో ఫారం-7 వైభవం కూడా చూశాం. ఓటరు జాబితా నుంచి ఎవరి పేరైనా తీసేయమని పెట్టుకునే దరఖాస్తు అది. లక్షల్లో వచ్చిపడ్డాయి, అదీ ఆన్‌లైన్‌లో. బూత్ అధికారి వెళ్ళి విచారిస్తే, దరఖాస్తుదారు నోరెళ్ళబెట్టాడు: నేనా, ఎప్పుడు పెట్టాను? పక్కింటివాడి ఓటు తీసేయమని మా పేరుతో మీరే రాసి, సంతకం శ్రమ కూడా మాకు తప్పించారు. ఎన్నికల సంఘం వాటిలో చాలావాటిని తోసిపుచ్చి అంత కష్టాన్నీ బూడిదలో పోసింది.

వినోదం సంగతి చెప్పకపోతే బెజవాడవాడిగా నా పుట్టుకకే మచ్చ. 1921లో మారుతీ సినిమా హాలు వెలసిన ఊరు మాది, గాంధీనగర్ నిండా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులున్న ఊరు. అలాంటి చోట సినిమాను ప్రభుత్వం పట్టించుకోకపోతే ఎలా? 2021 ఏప్రిల్‌లో జీవో 35 ఇచ్చి, పంచాయతీల్లో ఏసీ లేని హాళ్ళలో కింది తరగతి టికెట్టు 5 రూపాయలన్నారు. టికెట్లన్నీ ప్రభుత్వ పోర్టల్ ద్వారానే అమ్మాలని ఆ నవంబర్‌లో చట్టమే సవరించారు. ఎవరు ఏ హీరో సినిమాకు ఎన్నిసార్లెళ్ళారో మీ కళ్ళముందుంటే తప్పేముంది? మా ప్రాంతంలో అది తెలిస్తే ఓటు సంగతి సగం తెలిసినట్టే. ప్రభుత్వం మారాక 2025 సెప్టెంబర్‌లో ఉప ముఖ్యమంత్రి గారే హీరోగా వచ్చిన ‘ఓజీ’ ప్రత్యేక ఆటకు 1,000 రూపాయల టికెట్టుకు అనుమతిచ్చారు. ఐదు నుంచి వెయ్యికి నాలుగున్నరేళ్ళు. ధాన్యం మద్దతు ధర ఈ సంగతి విని కుళ్ళుకోకుండా ఉంటే చాలు.

అయితే రాజకీయం, వినోదం, గోప్యత మూడూ ఒకే పెట్టెలో ఇమిడిన అసలు కళాఖండం ఫైబర్‌నెట్. 2017 డిసెంబర్‌లో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు వెలగపూడిలో జాతికి అంకితం చేశారు. అప్పట్లో నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను. 2024 డిసెంబర్‌లో సంస్థకు ఛైర్మన్‌గా ఉన్న జీవీ రెడ్డి గారు ఒక లెక్క బయటపెట్టారు. రామ్‌గోపాల్ వర్మ తీసిన ‘వ్యూహం’ సినిమాకు ఫైబర్‌నెట్‌లో వచ్చిన వ్యూలు 1,863, గత ప్రభుత్వ కాలంలో దానికి చెల్లించింది 1.15 కోట్లు అని. డబ్బు వెనక్కి కట్టమని నోటీసులిచ్చారు. భాగించి చూస్తే ఒక్కో వ్యూకు 6,170 రూపాయల పైచిలుకు. ఆ రేటున చూడ్డానికి నాకు ఇస్తానంటే నేను రాత్రింబవళ్ళు చూసేవాణ్ణి.

సొమ్ము సంగతి తేల్చేవాళ్ళు తేలుస్తారు. నాకు ముచ్చటేసింది ఆ మొదటి అంకె. రెండు వేలన్నారా? సుమారుగా అన్నారా? లేదు, 1,863. ఒక రాజకీయ సినిమాను ఎన్నిసార్లు చూశారో ఒకట్ల స్థానం దాకా తెలిసింది. అంటే ఏ వీధిలో, ఏ ఇంట్లో, విశ్రాంతి దాకా చూసి ఆపేసిందెవరో, చివరిదాకా చూసి మళ్ళీ మొదటికెళ్ళిందెవరో కూడా ఆ పెట్టె మరిచిపోయి ఉండదు. ఇలాంటి ఎగ్జిట్ పోల్ ఏ సర్వేవాడు చేయగలడు? ఐదేళ్ళకోసారి గద్దె చేతులు మారుతుంది, పెట్టె మాత్రం గోడకే ఉంటుంది. ఎవరొచ్చినా రిమోట్ అప్పజెప్పి వెళ్ళే సంప్రదాయం మన రాజకీయాల్లో మిగిలిన ఒకే ఒక్క సంస్కారం.

ప్రైవేటు రంగం కూడా వెనకబడలేదు. 2025 నవంబర్‌లో ఐబొమ్మ సైటు నడిపినతన్ని హైదరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. సినిమా పెద్దలు కమిషనర్ సజ్జనార్ పక్కన నిలబడి కృతజ్ఞతలు చెబితే, జనంలో చాలామంది మాత్రం అతన్ని దానకర్ణుడిలా తలుచుకుని కన్నీళ్ళు పెట్టుకున్నారు. కొత్త సినిమాలు ఊరికే చూపించేవాడు మరి. పోలీసులు చెప్పిందేమిటంటే, 50 లక్షల మంది వివరాలు అతని దగ్గరున్నాయని, బెట్టింగ్ యాప్‌ల దారి కూడా అక్కణ్ణుంచే ఉందని. ఇంటిల్లిపాదీ కూర్చుని ఊరికే చూశామనుకున్న సినిమాకు మేం టికెట్టు కొన్నాం, కాకపోతే నోట్లతో కాదు. ఇందులో అతన్ని మెచ్చుకోవాల్సింది ఒకటుంది: గుట్టుగా కూడబెట్టాడు. వెబ్‌సైట్‌లో పెట్టి కులాల వారీగా పంచలేదు.

2025 జనవరి 30న ఉండవల్లిలో మంత్రి నారా లోకేశ్ గారు ‘మన మిత్ర’ మొదలుపెట్టారు. వాట్సాప్‌లోనే ప్రభుత్వం, తొలిరోజే 161 సేవలు. పనిచేస్తుంది కూడా, అదే వచ్చిన చిక్కు. పనిచేయకపోతే తిట్టి వదిలేసేవాళ్ళం. కులధ్రువీకరణ పత్రం, ఆస్తి పన్ను, దుర్గమ్మ దర్శనం టికెట్టు అన్నీ బాబాయి పంపే గుడ్ మార్నింగ్ పూల బొమ్మల పక్కనే. ఊళ్ళో మునసబుకు తెలిసినవి ఇదివరకు మునసబు చావిడి దాటేవి కావు. ఇప్పుడు కాలిఫోర్నియా కంపెనీవాడి ఇంటి వరండాలో మా పనులన్నీ చక్కబెడుతున్నారు. ఆ కంపెనీతో ఒప్పందం 2024 అక్టోబర్‌లో జరిగింది. అదే నెలలో పున్నమి ఘాట్ మీద 5,500 డ్రోన్లు ఎగరేసి గిన్నిస్ రికార్డులు కూడా కొట్టారు. కింద వాట్సాప్, పైన డ్రోన్, మధ్యలో మేం. ఇంకెవరూ మమ్మల్ని దారి తప్పనివ్వరు.

ఆ రికార్డులకు నెలన్నర ముందు బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్ మీద పడింది. డ్రోన్లతో అన్నం పొట్లాలు పంపారు, ఆ మాట మరిచిపోం. నీళ్ళు తీశాక పరిహారమన్నారు: కింది ఇంటికి 25,000, పై అంతస్తుకు 10,000. మరి ఎవరి ఇల్లు మునిగింది? ఎవరు కింద, ఎవరు పైన? ఎవరు అద్దెకున్నారు? అప్పుడు, అన్నీ తెలిసిన మీకు ఒక్కసారిగా ఏమీ తెలియకుండా పోయింది. మా కులం తెలుసు, మా మాత్రలు తెలుసు, మా ఓటు తెలుసు, మేం చూసిన సినిమా తెలుసు. మేం ఎక్కడ కాపురముంటున్నామో తెలియలేదు. ఎన్యూమరేషన్ అని మళ్ళీ ఇల్లిల్లూ తిరిగారు. జాబితాలో పేరు రాలేదని జనం సచివాలయాల ముందు, కలెక్టరేట్ ముందు బారులు కట్టారు. కాగితాలు బుడమేరు పాలైనవాళ్ళే కాగితాలు చూపించాలి. ఆధార్ జిరాక్స్ ఒకటి, రేషన్ కార్డు జిరాక్స్ ఒకటి, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ జిరాక్స్ ఒకటి. మీ దగ్గర అప్పటికే ఏడేళ్ళ నుంచి తిరుగుతున్న నంబర్లనే మళ్ళీ కాపీ రెండు రూపాయలిచ్చి మీకు సమర్పించుకున్నాం. అంత జ్ఞానం ఉండి కూడా పామరుల్లా మమ్మల్ని అడిగి తెలుసుకోవడం మీ వినయానికి గుర్తు కాక మరేమిటి?

చివరగా ఢిల్లీ ఏలినవారికి కూడా రెండు పూలు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు చెప్పారు. ఆరేళ్ళ తర్వాత 2023లో చట్టమొచ్చింది, దానికి రెండేళ్ళ తర్వాత 2025 నవంబర్‌లో నిబంధనలొచ్చాయి. మా వివరాలను కాపాడే సెక్షన్లకు 18 నెలల గడువిచ్చారు, పాపం కంపెనీలు సర్దుకోవాలిగా. సమాచార హక్కు చట్టంలో అధికారుల వ్యక్తిగత వివరాలు అడిగే దారిని బిగించే సవరణ మాత్రం వెంటనే అమల్లోకి తెచ్చారు. మా తలుపుకు గడియ రేపు, మీ తలుపుకు ఇవాళే. తలచుకుంటే ఏ ప్రభుత్వ శాఖకైనా మినహాయింపు ఇచ్చుకునే వీలూ పెట్టుకున్నారు. వివరాలు జారవిడిచిన కంపెనీకి 250 కోట్ల దాకా జరిమానా ఉంది, ఆ సొమ్ము చేరేది మాకు కాదు, మీ ఖజానాకు. నష్టపోయినవాడు పరిహారమడిగే పాత సెక్షన్ ఒకటుంటే దాన్నీ ఎత్తేసే ఏర్పాటు ఈ చట్టంలోనే చేశారు. పరిహారమంటే మళ్ళీ ఎన్యూమరేషన్, మళ్ళీ జిరాక్సులు, ఆ తిప్పలన్నీ తప్పించారు.

మమ్మల్ని కూడా ఊరికే వదల్లేదు. తప్పుడు ఫిర్యాదో, పనికిమాలిన ఫిర్యాదో చేసిన పౌరుడికి 10,000 రూపాయల దాకా జరిమానా అదే చట్టంలో రాశారు. కాబట్టి ఇంతసేపూ రాసింది ఫిర్యాదు కింద జమ కట్టొద్దని, స్తుతి కిందే రాసుకోవాలని ఏలినవారికి మనవి. అంత కట్టే స్తోమత నాకు లేదు. నమ్మకపోతే నా ఖాతాలో ఎంతుందో చూసుకోండి.